నక్క ఇచ్చిన ఉచిత బొరియ

వానలు మొదలవగానే నక్క తన బొరియను కుందేలుకూ ఎలుకకూ చూపించింది. "అమావాస్య దాకా ఉచితం. తర్వాత వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, చాలు," అంది.

కుందేలు గంతులేస్తూ దూరింది. ఎలుక మాత్రం వచ్చిన రోజు నుంచే వెనకగోడ తవ్వసాగింది.

"ఇంత చక్కటి ఇంటికి చిల్లు పెడతావేం, ఎలుకత్తా?" అని కుందేలు నవ్వింది.

అమావాస్య దాటింది. కుందేలు దాచుకున్న దుంపల్లో సగం అద్దె కింద నక్క రోజూ తినేస్తోంది. "మీరు వద్దనలేదుగా!" అనేది. వద్దని చెప్పబోతే గుమ్మానికి అడ్డంగా పడుకుని గుర్రుపెట్టేది.

చివరికి ఎలుక తన చిల్లును వెడల్పు చేసి, కుందేలునూ మిగిలిన దుంపలనూ బయటపడేసింది.

"నక్క మోసం చేస్తుందని నీకు ముందే తెలుసా, అత్తా?" కుందేలు కళ్లింత చేసుకుని అడిగింది.

"నాకేం తెలుసే! బయటికి దారి లేని చోట మా ఎలుకలు కాపురం పెట్టవు, అంతే."

కొత్త చోట కుందేలు మొట్టమొదట తవ్వింది వెనకదారే.