కీచుమనని బ్రేకు

ఆదివారం పొద్దున్నే ఆయన కారు చక్రం విప్పుకుని కూర్చుంటే, భార్యకు ఎందుకో నచ్చలేదు.

“బాగానే ఆగుతోందిగా! ఇప్పుడు దాన్ని కెలకడం దేనికండీ?”

“ఆగుతోంది గానీ, మలుపులో బ్రేకు తొక్కితే వీధంతా ఉలిక్కిపడేలా కీచుమంటోందోయ్.”

అరిగిన ప్యాడ్లు తీసి కొత్తవి వేశాడు. ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లో బిగుసుకుపోయిన పిన్నులు శుభ్రంగా తుడిచి, గ్రీజు రాసి, వేలితో నెడితే జారేలా చేశాడు.

మర్నాడు సాయంత్రం కారు పిల్లిలా వచ్చి ఇంటి ముందు ఆగింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఆవిడ సోఫాలో గుర్రు పెడుతోంది.

ఎన్నో నెలలుగా ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి వేడివేడి టీ చేతికందేది. ఎలా తెలుస్తుందని అడిగితే “మనసు చెబుతుందండీ” అనేది.

“ఇవాళ మనసు ఏమీ చెప్పలేదా?” అన్నాడు తట్టి లేపి.

ఆవిడ నాలుక్కరుచుకుంది. “దానికీ గ్రీజు రాసేశారేమో!”

ఆ మర్నాడు మలుపులో, అడ్డం ఎవరూ లేకపోయినా, ఆయన గట్టిగా హారన్ కొట్టాడు.

గుమ్మంలో పొగలు కక్కుతూ టీ సిద్ధంగా ఉంది.

“ఎలా తెలిసిందోయ్?”

“మనసు చెప్పిందండీ,” అంది ఆవిడ. “ఇవాళ కాస్త గట్టిగానే చెప్పింది.”