ఇంట్లో మాటలు

"అమ్మా, ఒక్క నిమిషం."

రికార్డింగ్ గది తలుపు మీద చెయ్యి వేసిన గాయని వెనక్కి తిరిగింది.

వరండాలో బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం. ఎవరికోసమో ఎదురుచూసి విసిగిపోయినవాడిలా ఉన్నాడు.

"సూదిలో దారం ఎక్కని సాయంత్రం, అమ్మ నా కళ్ళు అరువడిగింది... అది మీరు రాసిందేనా?"

ఆమె ముఖం విప్పారింది.

చిన్న చిన్న హాళ్ళలో, కాఫీ దుకాణాల్లో, ఎవరైనా చోటిస్తే వాళ్ళ మేడ మీద, తన పాటలు తనే రాసుకుని పాడుకుంటూ నెట్టుకొస్తున్న మనిషి ఆమె. కుట్టుమిషను తొక్కే అమ్మ గురించి రాసిన ఆ పాటంటే ప్రాణం. పేరున్న సంగీత దర్శకుడి చెవిన పడిందీ ఆ పాటే. ట్యూను సినిమాకి కావాలన్నాడు. ఆమెనే పాడమన్నాడు. మాటలు మాత్రం వేరే రాయించాడు.

"నేనే రాశానండీ. మీరెక్కడ విన్నారు?"

"ఎక్కడైతేనేం, తెగ విన్నాను. మీ అమ్మగారు విన్నారా?"

"విందండీ. మిషను ఆపి మరీ వింది."

"మరి ఇవాళ పాడబోయేది అది కాదటగా?"

"కాదండీ. ప్రేమపాటగా మార్చారు. వెన్నెల, వాన, నీ నవ్వు... అలా సాగుతుంది."

"చెత్తగా ఉంది," అన్నాడాయన తాపీగా.

ఆమెకి చుర్రుమంది.

"అది రాసిందెవరో తెలుసా మీకు? మా అమ్మకి పెళ్ళికాక ముందు నుంచీ రాస్తున్నారాయన!"

"అయితే ఏం? రాసి రాసి చెయ్యి అరిగిపోయి ఉంటుంది."

"ఆ మాట ఆయన ముందు అనగలరా?"

"అనే వచ్చానమ్మా."

కోతలు కోస్తున్నాడనుకుంది.

పెద్దాయన మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. గొంతు తగ్గించాడు.

"లోపల మిమ్మల్ని అడుగుతారు. 'నా మాటలే ఉంచండి' అని ఒక్క ముక్క అనండి. మిగతాది నేను చూసుకుంటాను."

"మీరేం చూసుకుంటారండీ?"

పొద్దున్నే గిటారు వాయించే మిత్రుడూ ఇలాగే తగులుకున్నాడు. 'అమ్మ పాటని అమ్ముకుంటున్నావా?' అన్నాడు. 'ఇది నడిస్తేనే మన పాటలూ నడుస్తాయిరా' అని వాడి నోరు మూయించి వచ్చింది. ఇక్కడ మళ్ళీ ఈయనొకడు!

"మీరు వచ్చిన పని చూసుకోండి," అని విసురుగా లోపలికి వెళ్ళింది. ఆ విసురుకి తలుపు సరిగ్గా పడలేదు.

సంగీత దర్శకుడు అటు తిరిగి మీటలు సరిచేసుకుంటున్నాడు.

"మాటలు చూసుకున్నావా?"

"చూసుకున్నాను సార్."

"నీవి పోయాయని బాధగా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. తర్వాత అనుకుని లాభం లేదు."

నాలిక చివరిదాకా వచ్చింది. ఉందని చెబితే ఏమవుతుందో! ఈ మైకు ముందు నిలబడటానికి ఊళ్ళో సగం మంది కాచుక్కూచున్నారు.

మింగేసింది.

"అబ్బే, ఇవే బాగున్నాయి సార్. నావేముంది, ఏవో ఇంట్లో మాటలు."

తలుపు సందులోంచి చూస్తే పెద్దాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. చూపులు కలవగానే తలూపాడు. మెల్లగా మెట్లవైపు నడిచాడు.

పాట ఊరంతా మోగింది. అమ్మ పనిచేసే కుట్టు దుకాణంలోనూ మోగింది.

"ట్యూను మనదే కదే?" అంది అమ్మ.

"మనదేనే అమ్మా."

"మరి ఇందులో నేనేదీ?"

"సినిమాకి అలాగే ఉంటుందమ్మా."

"బాగుందిలే," అని అమ్మ మిషను తొక్కుతూనే ఉండిపోయింది.

ఆ 'బాగుందిలే' ఆమెకి ముల్లులా దిగబడింది. తర్వాత ఒక మేడ మీద కచేరీలో ఎవరో పాత మాటలతో పాడమని అడిగారు. మరిచిపోయానని అబద్ధమాడింది. పక్కన గిటారు మిత్రుడు తల దించుకుని తీగలు సవరించుకున్నాడు.

మరి కొన్నాళ్ళకి ఆ సినిమా పాట రాసిన కవిగారు పోయారు. సంస్మరణ సభలో ఆయన ఆఖరి పాట పాడమని ఆమెకి పిలుపొచ్చింది. వేదిక మీద ఆయన పడుచునాటి ఫొటోకి దండ వేసి ఉంది.

వేదిక పక్కన గొంతు సవరించుకుంటుంటే కవిగారి కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిలవగానే వచ్చారు, సంతోషం."

"అంత పెద్దాయన్ని ఒక్కసారైనా కలుసుకోలేకపోయానండీ. పాట మాటలన్నీ ఫోన్లోనే వచ్చాయి," అంది గాయని.

"మీరేమీ అనుకోనంటే ఒకటి చెప్పనా? ఈ పాట వస్తే నాన్న రేడియో కట్టేసేవారు."

"అయ్యో, నేను సరిగ్గా పాడలేదనా?"

"మీ గొంతంటే చాలా ఇష్టం ఆయనకి. ట్యూను కోసం సంగీత దర్శకుడు మీ పాట పంపించారు కదా, అదే రోజంతా పెట్టుకుని వినేవారు. 'వాళ్ళమ్మ బొమ్మ మీద సున్నం వేసి నా బొమ్మ గీశాను' అనేవారు."

గాయని చేతిలోని పాట కాగితం మడిచేసింది.

"రికార్డింగ్ రోజు, ఆ పిల్ల ఊఁ అంటే చాలు నా మాటలు తీయించేస్తానని మొండికేసి వెళ్ళి, మీ గది బయట వరండాలో కూర్చున్నారట," అంది ఆవిడ, "ఇంటికొచ్చాక మాత్రం 'ఆ పిల్లకే అక్కర్లేదట, ఇంక నేనెవణ్ణి' అని అన్నం తినకుండా పడుకున్నారు."