సీసాడు సముద్రం

“సీసా పదిలం ఈరక్కా. ఈ పొద్దు పిల్లోనికంటే అదే ముఖ్యం,” అంటూ దేవేంద్రప్ప మోటారు సైకిలును కాలితో తన్నాడు.

అతని పెండ్లాం ఈరక్క ఏడాదిన్నర పిల్లోడిని కొంగుతో కడుపుకు కట్టుకుంది. చెవుల్లో దూది పెట్టింది. చక్రంలో పడకుండా కుచ్చిళ్లు బిగించి దోపుకుంది. రొట్టెలూ ఎర్రగడ్డలూ ఉప్పూకారం కట్టిన సద్దిమూట, చెంబు, ఖాళీ సీసా ఒడిలో పెట్టుకుని వెనక కూర్చుంది.

పిల్లోడికి పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. పోయిన ఎండాకాలం వాడికి తట్టు పోసినప్పుడు దేవేంద్రప్ప తల్లి మహాదేవమ్మ ఎవరో బైరాగి మాట విని మొక్కుకుంది. బిడ్డ బతికితే సముద్రంలో ముంచాకే తలమీద కత్తి పెట్టిస్తానంది. తామున్న కోసిగి నుంచి సముద్రం ఎంత దూరమో ఆమెకు తెలియదు. తెలిసుంటే పక్కనే ఉన్న ఉరుకుంద ఈరన్నకు మొక్కుకునేది.

ఇప్పుడు ఆ జుట్టు కింద సెగ్గడ్డలు లేచాయి. చీముతో వెంట్రుకలు అట్టలు కట్టాయి. విసరడం ఆపితే ఈగలు. పిల్లోడు పాలు కూడా సరిగా తాగడం లేదు. వెంటనే గుండు చేసి మందు పూయకపోతే ప్రాణం మీదికి వస్తుందని ఆదోని డాక్టరు చెప్పాడు.

మహాదేవమ్మ మాత్రం దిగి రాలేదు. “సముద్రం నీళ్లు సీసాడు తెండి. నాలిక మీద ఏసుకొని చూస్తా. ఉప్పగుంటేనే మంగలోన్ని పిలిపిస్తా,” అంది.

ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు దేవేంద్రప్ప. మద్రాసు పోయి రావడానికి సెలవు దొరకలేదు. యజమాని మోటారు సైకిలు మాత్రం ఒక రోజుకు దొరికింది. కొత్తగా కట్టిన తుంగభద్ర డ్యామును అతను ఒకసారి చూసి ఉన్నాడు. అవతలి గట్టు కనపడదు. అలలు కూడా ఉంటాయి. తక్కువైందల్లా ఉప్పే. అది పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు.

ఈరక్కకు చెప్పలేదు. మొక్కులో మోసమంటే బిడ్డకేమవుతుందోనని హడలి చస్తుంది. పైగా పెండ్లిచూపుల నాడు వాళ్ల నాయన గొప్పగా చెప్పాడు కదా, “మా పిల్ల ఊరి పొలిమేర దాటలేదప్పా,” అని. ఏ నీళ్లు చూపించినా సముద్రమే అనుకుంటుంది.

ఆలూరు దాటారు. బళ్లారి దాటారు. ఎదురొచ్చిన ప్రతి ఎద్దులబండికీ ఈరక్క “మెల్లగా పోప్పా” అంటూనే ఉంది. హోస్పేట దాటాక రోడ్డు రెండుగా చీలింది. దేవేంద్రప్ప బండి ఆపి తల గోక్కున్నాడు.

“ఎడమ దిక్కు పోప్పా. పిల్లోనికి ఎండ ఎదురు కొట్టదు,” అంది ఈరక్క.

అదే సరైన దారి అయింది. నా అదృష్టం అనుకున్నాడతను.

తర్వాత నీళ్ల వెంబడే రోడ్డు. ఒక పక్క కొండలు, ఇంకో పక్క ఆకాశం దాకా నీళ్లు. చల్లటి గాలికి పిల్లోడు ఏడుపు ఆపాడు. దేవేంద్రప్పకు హుషారెక్కింది.

“చూసినావా, ఇదే సముద్రం.”

“శానా పెద్దదుండాదే. అవతల ఏముండాది?”

“లంక.”

“రావణాసురుందేనా?”

“ఆ. అదే.”

“అయితే ఈ ఒడ్డునే ఉండిపోదాంలేప్పా,” అంది ఈరక్క.

రాళ్లు పేర్చిన కట్ట దిగుతూ దేవేంద్రప్ప రెండుసార్లు జారాడు. ఈరక్క పిల్లోడిని చంకనేసుకుని, పాదాలు అడ్డంగా వేస్తూ చకచకా దిగిపోయింది.

“మేక మాదిరి దిగుతాండావే.”

“భయానికి కాళ్లు నిలస్తల్లేవు,” అంది.

కట్టమీద శనక్కాయలమ్మే ముసలమ్మ ఈరక్కనే తేరిపార చూసింది. ఈరక్క కొంగు ముఖం మీదికి లాక్కుంది. కొత్త మనుషులంటే దీనికి ఎంత సిగ్గో అని దేవేంద్రప్ప మురిసిపోయాడు.

అటు తిరిగి చెంబులో నీళ్లు ముంచి, పొట్లమంతా కలిపేశాడు. ఈరక్క అరచేతిలో నాలుగు చుక్కలు పోశాడు.

“ఉప్పగుండాదా?”

“శానా ఉప్పు.”

ఆ నీళ్లు తలమీద పడగానే పిల్లోడు కెవ్వుమని విల్లులా వంగిపోయాడు. ఈరక్క చెంబు లాక్కుని నీళ్లు పారబోసింది.

“ఇంత సముద్రం ఎదురుగుంటే చెంబెందుకు?” అంటూ పిల్లోడిని ఒడ్డు నీళ్లలోనే ముంచి తీసింది. సీసా కూడా అక్కడే ముంచింది.

తిరుగుదారిలో బళ్లారి దాటాక దేవేంద్రప్పకు తట్టింది. సీసాలో ఉప్పు పడలేదు.

“సీసా ఇట్లియ్యి. నేను పట్టుకుంటా.”

“బండి నడుపప్పా. పిల్లోడు నిద్రపోతాండాడు, కదిలించొద్దు.”

ఇల్లు చేరేసరికి మహాదేవమ్మ వాకిట్లోనే చెయ్యి చాపుకుని ఉంది. దేవేంద్రప్ప కళ్లు మూసుకున్నాడు. ఈరన్నా, ఈ ఒక్క గండం గట్టెక్కించు, ఒట్టి కాళ్లతో నడిచి నీ గుడికొస్తా అని మొక్కుకున్నాడు.

మహాదేవమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుంది. ముఖం చిట్లించింది. తుపుక్కున ఉమ్మేసింది.

“థూ. నోరంతా ఉప్పే. ఇది సముద్రమే. తెల్లారి మంగలోన్ని పిలుచుకురా పో,” అంది.

దేవేంద్రప్ప ఉరుకుంద దిక్కు తిరిగి చేతులు జోడించాడు. ఈరన్న మహిమ అంటే ఇదే.

మర్నాడు పిల్లోడి తల నున్నగా మెరిసింది. ఈరక్క వేపాకు నీళ్లతో పుండ్లు కడిగి మందు పూసింది. వాడు కడుపునిండా పాలు తాగి ఆమె ఒడిలోనే నిద్రపోయాడు. దేవేంద్రప్ప చెప్పులు వదిలేసి, టెంకాయ పట్టుకుని వాకిలి దాటబోయాడు.

“యాడికప్పా, ఇంత ఎండలో?”

“ఉరుకుందకు. ఈరన్న మహిమ చూపించినాడే. మొక్కు తీర్చల్ల.”

ఈరక్క తల ఎత్తకుండానే అంది:

“కాళ్లు కాల్చుకోవద్దులేప్పా, సద్దిమూటలోని ఉప్పు సీసాలో ఏసింది నేనే, పెండ్లికి ముందు ఆ కట్టకు మట్టి మోసినన్నాళ్లూ నేను తాగింది ఆ తియ్యనీళ్లే.”