చదివి పెట్టమన్న మనిషి

"మాస్టారూ, ఈ కార్డు మీద ఏముందో కాస్త చదివి పెట్టరూ?"

ఎదుటి కుర్చీలోని పొట్టిమనిషి మళ్లీ మొదలెట్టాడు. ఈమధ్యే ఆటకు రావడం మొదలుపెట్టిన కొత్తమనిషి.

వాచీల మాస్టారు కార్డు అందుకుని వెలుతురుకేసి తిప్పాడు.

ఆయన చూపు తగ్గిపోతోందని ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. వాచీల్లోని పళ్లచక్రాలు కంటికి ఆనకే రిపేరు కొట్టు మూసేశాడు. మిగిలింది స్టేషనరీ షాపు మేడమీది ఈ శనివారపు కార్డుల ఆట ఒక్కటే. ఇదీ పోతే, మాస్టారూ అని పిలిచే నోరే ఉండదు.

రంగును బట్టి బొమ్మ ఊహించి, "వంతెన," అన్నాడు.

"అది కాపలాదారండీ బాబూ!" పక్కవాళ్లు నవ్వారు.

"నాకు తెలీకనా? ఇతనికి తెలుసో లేదో చూద్దామని."

పొట్టిమనిషి నవ్వలేదు. కార్డు పట్టుకున్న మాస్టారి చేతినే చూస్తూ కూర్చున్నాడు.

ఇక ఆట మానేద్దామని మాస్టారు నిశ్చయించుకున్న వారమే, మూడు నెలలకోసారి వచ్చే కొత్త కార్డుల పెట్టె వచ్చింది.

ఈసారి అంకెలు బొటనవేలంత ఉన్నాయి.

ఆ తర్వాతి పెట్టెలో వంతెనకు పసుపు అంచు, కాపలాదారుకు నల్ల అంచు.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. శుక్రవారమే చొక్కా ఇస్త్రీ చేసుకోసాగాడు. వరసగా గెలిచాడు.

"కుర్రాడైపోయారే!" అంది షాపావిడ.

"చేతిలో ఆట ఉండాలి గానీ తల్లీ, వయసుదేముంది!"

పొట్టిమనిషి మాత్రం మారలేదు. "మరి ఇది చదవండి మాస్టారూ."

మాస్టారికి ఒళ్లు మండింది. వీడు నా గుట్టు కనిపెట్టాడు. నలుగురిలో బయటపెట్టేదాకా వదలడు, అనుకున్నాడు.

"చదవడం రానివాడికి ఆటెందుకయ్యా? లే! మళ్లీ ఈ మెట్లెక్కకు!"

పొట్టిమనిషి తన కార్డులు సర్ది బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోయాడు.

ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ గొంతే వినబడేది. కార్డు తీసిన ప్రతిసారీ, చదివి పెట్టరూ, అని. ఇంట్లో గ్లాసు తడుముకుంటున్నప్పుడూ అదే.

మరో పెట్టె వచ్చేసరికి చూపు పూర్తిగా అలుక్కుపోయింది.

మాస్టారు కార్డు తీశాడు. కంటికేమీ ఆనలేదు. వేలి కింద మాత్రం ఏదో ఉబ్బెత్తుగా తగిలింది. రెండు గీతలు, మధ్యలో వంపు.

వంతెన!

ఇంకోటి తీశాడు. గరుకుగా, నిలువుగా. కాపలాదారు.

కళ్లు మూసుకునే ఆడాడు. గెలిచాడు కూడా.

అందరూ వెళ్లాక షాపావిడను పిలిచాడు.

"ఆ పొట్టాయన్ని రప్పించు తల్లీ. ఒక్కసారి ఓడిస్తే గానీ ఆ గొంతు నన్ను వదిలేలా లేదు."

ఆవిడ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన ఈ పెట్టె అచ్చుకిచ్చిన వారానికే చనిపోయారు మాస్టారూ. మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

"ఏం చెప్పొద్దని?"

"మాస్టారు చదవలేని కార్డేదో తెలిస్తేనే కదమ్మా, నేను దాన్ని మార్చి గీయగలిగేది, అనేవారు."