సన్నని కూత

ఆల్బమ్ విడుదలకి ముందు ఆఖరిసారి సౌండ్ సరిచేసే మాస్టరింగ్ పని జయంతిది. డబ్లిన్‌లోని ఆమె గరాజ్ స్టూడియోకి సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు వస్తారు. ఈమధ్య ముగ్గురు, పాట డల్ అయిపోయిందని వేరేచోటికి వెళ్ళిపోయారు.

ఇవాళ రుత్విక్ వచ్చాడు.

"ఆంటీ, నా వయొలిన్ బ్రైట్‌నెస్ అంతా ఎందుకు కట్ చేశారు?"

"వెనకాల సన్నగా కూత వస్తోంది కదా. అది పోవాలంటే పైస్థాయి శబ్దాలు తగ్గించక తప్పలేదు."

"ఏం కూత? నాకేం వినపడట్లేదు."

ఆమె పాట మళ్ళీ వేసింది. "ఇదిగో, ఇక్కడ."

అతను తల అడ్డంగా ఊపాడు.

జయంతి స్పీకర్లు ఆఫ్ చేసింది. కూత ఆగలేదు.



"ఆంటీ, ఇప్పుడు పోయిందా?"

"పోయింది నాన్నా," అంది. "నీ ఆల్బమ్ ఇంకెవరికైనా ఇవ్వు."