పుణ్యానికొచ్చిన గది

"నువ్వెళ్ళి ఆ సోఫాలో కూర్చో. కౌంటరు దగ్గర నేను చూసుకుంటాను," అన్నాడు లిఫ్టు మెకానిక్, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ.

"పెట్టెలు మోసి అలిసిపోయారు. మీరే కూర్చోండి, నేను మాట్లాడతాను," అంది భార్య.

"పాయింట్లు నావి. సంతకం నాదే కావాలి."

"సంతకానికి పిలుస్తాలెండి."

నవ్వుతూనే, ఒకరినొకరు భుజాలతో తోసుకుంటూ ఇద్దరూ ఒకేసారి కౌంటరు చేరారు.

ఆ స్కీ రిసార్టులో గది అద్దె కట్టాలంటే అతని జీతం ఏ మూలకూ చాలదు. అయితే ఆ కంపెనీ హోటళ్ళలో ఎక్కడ బస చేసినా కార్డులో పాయింట్లు పడతాయి. అవి కుప్పపడితే ఇలాంటి చోట గది పుణ్యానికే ఇస్తారు. పొరుగూళ్ళలో ఆగిపోయిన లిఫ్టులు బాగుచెయ్యడానికి క్యాంపులు తిరిగి తిరిగి అతను పాయింట్లు పోగేశాడు. ఇంట్లో చెప్పిన మాట అది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. మోకాళ్ళు మొరాయించకముందే ఒక్కసారైనా మంచు మీద జారాలని ఆవిడ కోరిక. పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంగా ఆ ముచ్చట తీరుద్దామని బయల్దేరదీశాడు.

రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్ చూసి మొహం చేటంత చేసుకుంది.

"మీరు మాకు పాత అతిథి సార్! మీ ఊళ్ళో బస్టాండు ఎదురుగా ఉన్న మా హోటల్లో నెలనెలా దిగారు. సొంతూళ్ళో ఇన్ని రాత్రులు హోటల్లో ఉన్నవాళ్ళని నేనెక్కడా చూడలేదు."

అతను గబుక్కున కార్డు జేబులో కుక్కుకున్నాడు. పక్కన భార్య చేతి నుంచి గ్లవ్ జారింది. దాన్ని తీసుకోవడానికి వంగిన మనిషి ఎంతకీ లేవలేదు.

"గది శుభ్రం చేస్తున్నారు. ఈలోగా మంచులో ఆడుకుని రండి," అంది ఆ అమ్మాయి, తాను పెట్టిన చిచ్చు తనకే తెలియకుండా.

కాళ్ళకి స్కీలు తగిలించుకుని, కొండపైకి తీసుకెళ్ళే తీగకుర్చీలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సగం దూరం వెళ్ళాక కుర్చీ కీచుమని ఆగిపోయింది. కింద లోయ. పైన ఆకాశం. పక్కన పెళ్ళాం.

"ఆగిపోయింది," అన్నాడతను.

"మీ విద్యే కదా, దిగి బాగుచెయ్యండి."

అతను కిందికి చూసి కళ్ళు మూసుకున్నాడు. ఆవిడే మళ్ళీ అడిగింది.

"ఏ అంతస్తులో దిగేవారు?"

"నాలుగు."

"రోడ్డు వైపా, వెనకవైపా?"

ఇక లాభం లేదనుకున్నాడు. "నువ్వనుకున్నట్టు కాదే. ఇంకో ఆడమనిషి నీడ కూడా నా గదిలో పడలేదు. నీ మీద ఒట్టు!"

"నా మీదెందుకు, ఈ తీగ మీద వెయ్యండి."

"తీగ మీదా ఒట్టే!"

"మరి సొంతిల్లుండగా అక్కడేం పని?"

అసలు కారణం అతని నాలుక చివరిదాకా వచ్చింది. బుద్ధున్న ఏ మగాడూ భార్యతో అనకూడని మాట అది. చెబితే ఆవిడ మనసు విరుగుతుంది, చెప్పకపోతే కాపురమే విరిగేలా ఉంది.

"ప్రశాంతత కోసం," అన్నాడు చివరికి.

"అంటే నా దగ్గర లేదన్నమాట."

"ఉంది. పగలంతా ఉంది." అని నాలుక కరుచుకుని, ఎదురు తిరగడమే మేలనుకున్నాడు. "అక్కకి నడుం నొప్పి, తోడు పడుకోవాలని నువ్వు వారంవారం వెళ్ళలేదూ? నేనెప్పుడైనా ఎందుకని అడిగానా?"

ఆవిడ మొహం అటు తిప్పుకుంది. కాసేపటికి ఆవిడ భుజాలు కదలడం చూశాడు. ఏడుస్తోంది! పాతికేళ్ళలో రెండోసారి. మొదటిసారి వాళ్ళ నాన్న పోయినప్పుడు. భుజం మీద చెయ్యి వెయ్యబోతుంటే కుర్చీ కదిలింది.

పైకి చేరాక దిగబోయి అతను బోర్లా పడ్డాడు. నోటినిండా మంచుతో తలెత్తి చూసేసరికి, ఆవిడ చేతులు బార్లా చాపి ఒంటరిగా జారిపోతోంది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పోవడం తన బతుకులోంచే పోతున్నట్టు తోచి అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కుంటుకుంటూ లాబీకి వచ్చేసరికి ఆవిడ కౌంటరు దగ్గర ఉంది.

"నాకు వేరే గది కావాలమ్మా. ఆయన పక్కది వద్దు. వరండా ఆ చివర ఇవ్వు."

అతను కుంటుతూనే ముందుకి ఉరికాడు. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అంత పని చెయ్యకే. ఇకమీదట ఏ రాత్రీ గడప దాటను. ఎంతైనా సరే, భరిస్తాను!"

భరిస్తాననడం నోరు జారడమేనని అనేశాక గాని తెలియలేదు.

"సార్ పాయింట్లు ఒక్క గదికే సరిపోయాయి మేడమ్," అంది రిసెప్షన్ అమ్మాయి ఇబ్బందిగా.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. అతనిది వెండి రంగు కార్డు. ఇది బంగారు రంగు. దాని నంబరు కంప్యూటర్లో కొట్టి చూడగానే ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మేడమ్! మీరు కూడా ఆ బస్టాండు హోటలేనా!"

అతను నోరెళ్ళబెట్టాడు. "మరి మీ అక్క నడుం నొప్పి?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది."

"మరి ఎందుకెళ్ళావే?"

ఆవిడ రెండో గది తాళం తీసుకుని, అతని గడ్డానికంటిన మంచు తన మఫ్లరుతోనే తుడిచింది.

"మీ గురక ముందు నా గురకెంతండీ?"