బిరడాలాయన

“ఇది పెట్టుకుంటే చెవిలో పెసరగింజ ఇరుక్కున్నట్టుందే” అంది, ఆగని కబుర్లకి ‘గలగల’ అని పేరు పడ్డావిడ.

“నాకైతే పొద్దున్నించీ జారి పడుతూనే ఉంది” అంది పెద్దక్క.

ఇద్దరి మధ్యా వరసగా మరమగ్గాలు. అన్నీ హోరుమని ఆడుతున్నాయి. అయినా వాళ్ళ కబుర్లకు అడ్డం లేదు. నేత షెడ్డులో గొంతుతో ఎవరూ మాట్లాడరు. పెదవులు కాస్త సాగదీసి కదిలిస్తే చాలు, అవతలివాళ్ళు చదివేసుకుంటారు. ఆ విద్య ఏ బడిలోనూ చెప్పరు, మగ్గం పక్కన ఏళ్ళ తరబడి నిలబడితే అదే వస్తుంది. మేనేజరు ఎదురుగా ఉండగానే ఆయన బట్టతల మీద జోకులేసుకునే ధైర్యం వాళ్ళకు ఆ విద్యే ఇచ్చింది.

ఇప్పుడు వాళ్ళ నోళ్ళలో నానుతున్నది కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసరు. సంచీ నిండా ఇయర్‌ప్లగ్గులు వేసుకుని తిరుగుతాడు కాబట్టి షెడ్డంతా కలిసి బిరడాలాయన అని పేరు పెట్టేసింది. ఇంతకుముందు వచ్చినవాళ్ళు డబ్బా గుమ్మం దగ్గర పడేసి, గొంతు చించుకుని ఏదో అరిచి వెళ్ళిపోయేవారు. ఇతను అరవడు. వరస చివర చేతులు కట్టుకుని నిలబడి, ఒక్కొక్కరి ముఖం వంకా చూస్తుంటాడు.

“మన చెవులు కొలుస్తున్నాడే” అంది పెద్దక్క.

“ముందు తనవి కొలుచుకోమను. చేటలంత ఉన్నాయి. వాటికి బిరడాలు చాలవు, తలుపులు పెట్టించాలి.”

అప్పుడే బిరడాలాయన చెవి రుద్దుకున్నాడు. ఇద్దరూ నవ్వాపుకోలేక చచ్చారు.

మర్నాడు టీ వేళకి అతను గలగల చేతిలో కొత్త జత పెట్టాడు. “మీ చెవి దారి సన్నమండీ. స్పాంజిది ఒత్తుతుంది. ఇది మెత్తటి సిలికాను, చిన్న సైజు. చూడండి.”

పెట్టుకోగానే గలగల ముఖం విచ్చుకుంది. తర్వాత అతను పెద్దక్క వైపు తిరిగాడు. స్పాంజి బిరడాని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టాలనీ, అది ఉబ్బేదాకా వేలు తియ్యకూడదనీ చేసి చూపించాడు. “ఇలా పెడితే ఇక జారదండీ.”

“జారుతోందని నేను మీతో అనలేదే!”

“అనుకున్నానండీ” అని నవ్వి వెళ్ళిపోయాడు.

చివరి మగ్గం ఆవిడకి ఇంకో బాధ. చెవులు పూర్తిగా మూసుకుపోయి, మగ్గం గొంతు మారడం తెలియక, పోగు తెగాక గానీ చూసుకోలేకపోతోంది. ఆ సంగతి పక్కావిడతో అన్నదో లేదో, హోరు తగ్గించి పని చప్పుడు మాత్రం వదిలే రకం ఆమెకు వచ్చేసింది. ఎంత గట్టిగా మూస్తే అంత మేలనుకునే షెడ్డు ముక్కున వేలేసుకుంది. మనసులో మాట పట్టేసే మనిషి దొరికాడని అందరికీ అతనంటే ఒకటే మురిపెం.

ఆ మురిపెంలోనే పెద్దక్క ఒక మధ్యాహ్నం గుండె బరువు దించుకుంది.

“నా ఎడమ చెవి మందగించిందే. ఎవరితోనూ అనకు.”

చెవి మందగించిందని తెలిసి ఒకావిణ్ణి మేనేజరు ఊడ్చే పనిలోకి తోసేశాడు, జీతం సగమైంది. పెద్దక్క ఇల్లు నడిచేది ఆ మగ్గం మీదే.

“నా నోట్లో నువ్వుగింజ నానదని నాకూ తెలుసు. కానీ ఇది నానుతుంది అక్కా, ఒట్టు” అంది గలగల.

మర్నాడు బిరడాలాయన పెద్దక్కను పక్కకి పిలిచాడు. చేతిలో రెండు రకాలున్నాయి. “కుడి చెవికి ఇది. ఎడమదానికి కాస్త ఎక్కువ కాపలా కావాలి, దానికి ఇది. ఒకసారి డాక్టరుకి చూపించండి. ఆలస్యం చెయ్యకండి.”

పెద్దక్క తిన్నగా గలగల దగ్గరికెళ్ళింది.

“మోసేశావు కదూ!”

“నా పిల్లల మీదొట్టు, నేను చెప్పలేదు.”

“తెలిసింది మనిద్దరికే. మరి గోడలు చెప్పాయా?”

షెడ్డులో మాట మానెయ్యాలంటే ముఖం తిప్పుకుంటే చాలు. పెద్దక్క తిప్పేసుకుంది. ఆ వైపు నుంచి గలగల ఎంత పెదవులు కదిపినా వినేవాళ్ళు లేరు. పాపం, కళ్ళు తుడుచుకుంటూనే పోగులు ముడేసింది.

వారం చివర మేనేజరు వచ్చాడు. గుమ్మం బయట పెద్దక్క వింటుండగానే బిరడాలాయన్ని అడిగాడు.

“చెవి మందమైనవాళ్ళెవరైనా ఉన్నారా? చెప్పు, మగ్గం మీంచి తీసేస్తాను.”

“తియ్యాల్సినవాళ్ళెవరూ లేరండీ. అందరివీ బంగారంలాంటి చేతులు. చెవుల్ని కాపాడటానికి నేనున్నాను కదా.”

“నువ్వు ఎవర్నీ ఏమీ అడిగినట్టు లేదు. ఎలా తెలుసు?”

“చూస్తే తెలుస్తుందండీ.”

మేనేజరు బట్టతల నిమురుకుంటూ వెళ్ళిపోయాడు. పెద్దక్కకు ఆ బిరడాలాయనకి చేతులెత్తి మొక్కాలనిపించింది. మగ్గం దగ్గరికొచ్చి రెండు చెవులకీ రెండు రకాలూ పెట్టుకుంది. హోరు దూరంగా కురిసే వానలా తగ్గిపోయింది, మగ్గం గొంతు మాత్రం కుడి చెవికి చక్కగా తెలుస్తోంది. ప్రాణం కుదుటపడింది గానీ ముల్లు ఒకటి మిగిలిపోయింది. ఇన్నాళ్ళకి గలగల వైపు తిరిగింది.

“ఆయన మంచివాడు కాబట్టి బతికిపోయాను. నువ్వు చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుందే?”

గలగల నోరు తెరుచుకుని ఓ పక్కకి చూస్తోంది. పెద్దక్క కూడా తిరిగి చూసింది. వరస చివర బిరడాలాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ళిద్దరి వంకే చూస్తూ, గొంతు విప్పకుండా, పెదవులు కాస్త సాగదీసి కదిలించాడు.

“నేను మాటలు నేర్చింది మా అమ్మ మగ్గం పక్కనే, పెద్దక్కా.”